సైజు లేని పూసల దారం

పావగడ బజారులో మాది గాజుల అంగడి. పెళ్ళై వచ్చిన ఏడాది నుంచి అందులో కూర్చునేది నేనే. చెయ్యి పట్టుకుని సైజు చెప్పడంలో నాకు పేరుంది. ఎదుటి మనిషి బొటనవేలిని లోపలికి మడిచి, వేళ్ళ కణుపుల దగ్గర ఒక్కసారి నొక్కితే చాలు, టూ ఫోరా, టూ సిక్సా, టూ ఎయిటా అన్నది నోటికి వచ్చేస్తుంది. అంకె పెరిగేకొద్దీ చెయ్యి లావన్నమాట. పెళ్ళికూతుళ్ళకూ సీమంతం ఆడవాళ్ళకూ తాలూకాలో సగం మందికి నేనే తొడిగాను. గాజు చిట్లి రక్తం వచ్చిందన్న మాట ఏనాడూ పడలేదు. ఈ గొప్పంతా ముందే చెప్పుకోవడం ఎందుకంటే, నేను తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు. నా కూతురి చెయ్యి నాకు తెలియని చెయ్యి కాదు.

ఇంట్లో దాన్ని పాప అనే పిలుస్తాం. చిన్నప్పుడు బొద్దుగా ఉండేది. మావాళ్ళు బొద్దుగా ఉన్న పసిపిల్లను చూస్తే బుగ్గ గిల్లుతారు. పదహారేళ్ళు వచ్చాక అదే బుగ్గను చూసి, ఎవరు చేసుకుంటారో అని తల పట్టుకుంటారు. పీయూసీలో చేరిన ఏడాది దసరాకు కొత్త గాజులు తొడుగుతుంటే దానికి టూ ఎయిట్ పట్టింది. నాది టూ ఫోర్. "ఏమే, అమ్మకన్నా రెండు మెట్లు పైనుండావే" అని నవ్వాను. ఆ రోజు నుంచి అంగట్లో దాని పేరు టూ ఎయిట్. కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే, "మా టూ ఎయిట్ వచ్చినాది, జరగండమ్మా, చోటియ్యండి" అనేదాన్ని. గాజులకు వచ్చిన ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. అదీ నవ్వేది. నవ్వుతోంది కదా అని నేను ఇంకా రెచ్చిపోయేదాన్ని. లావైన కూతుర్ని ఏ తల్లైనా ఏదో ఒకటి అంటుంది, మర్నాటికి మరిచిపోతుంది. గాజులమ్మే తల్లిని కాబట్టి నేను అంకె కట్టి పెట్టాను.

మా ఆయన పొలం తిరుమణి పక్కన. వాన పడితే చెనక్కాయ, పడకపోతే ఏమీ లేదు. సోలార్ పార్కు వచ్చినప్పుడు అందరితో పాటు మేమూ లీజుకిచ్చాం. చేనున్న చోట నల్లటి ప్యానెళ్ళు వరసలు కట్టాయి. మా ఆయనకు పొద్దున లేచి పోవడానికి చోటు లేకుండా పోయింది. పాపకు మాత్రం డిగ్రీ కాగానే అక్కడే ఒక కంపెనీ ఆఫీసులో పని దొరికింది. ఏ వరసలో ఎంత కరెంటు పుట్టిందో కంప్యూటర్‌లో ఎక్కించే పని. పొద్దున కంపెనీ వ్యాను వస్తుంది. దానికోసం నేను ఐదింటికే లేచి మూడు గిన్నెల క్యారియర్ కట్టేదాన్ని. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో పప్పు, పైదాంట్లో వేపుడు. సాయంత్రం క్యారియర్ ఖాళీగా, కడిగి మరీ వచ్చేది. నా వంట మీద నాకు ముందే గర్వం ఎక్కువ. ఆ ఖాళీ గిన్నెలు చూసి అది ఇంకాస్త పెరిగింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలోనే శనివారం ఒక్కపొద్దు మొదలుపెట్టింది. మా ఊళ్ళో అది వింతేమీ కాదు. శనిమహాత్ముని గుడికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఆ రోజు ఊళ్ళో చాలామంది ఒక పూటే తింటారు. తర్వాత సోమవారం ఈశ్వరుడికన్నది. తర్వాత గురువారం కలిసింది. ఒక్కపొద్దు రోజు కూడా ఒక పూట తినాలి కదా, పాపకు ఆ పూట మజ్జిగతోనే అయిపోయేది. నాకు అనుమానం రావలసిన చోట గర్వం వచ్చింది. "ఈ కాలం పిల్లల్లో ఇంత భక్తి యాడుందక్కా" అని బజారు ఆడవాళ్ళంటే, నేను కొంగు సర్దుకుని, "దానికి చెప్పేపనే లేదమ్మా, తానే ఉంటాది" అనేదాన్ని. వాళ్ళ పిల్లలకు నా పిల్లను చూపించి బుద్ధి చెప్పుకోమని కూడా అన్నాను. దేవుడి పేరు చెబితే ఇంట్లో ఎవరూ తిను అనరని దానికి బాగా తెలుసు.

చెయ్యి తగ్గుతూ వచ్చింది. నేను చూడలేదని అబద్ధం చెప్పను. చూశాను, సంతోషపడ్డాను. టూ సిక్స్ వచ్చిన రోజు అంగట్లో అందరికీ చూపించాను. టూ ఫోర్ వచ్చిన రోజు, "ఇప్పుడు నా బిడ్డవు" అన్నాను. అన్నాను మరి. టూ టూ వచ్చినప్పుడు దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు. ఒక ఉగాదికి అది కూడా వదులై జారిపోతుంటే, పై అరలో ఉన్న చిన్నపిల్లల గాజుల పెట్టె దించాను. వాటిలోంచి తీసి తొడిగితే సరిగ్గా పట్టాయి. అప్పుడు దాని చేతులు మంచినీళ్ళ కుండలా చల్లగా ఉన్నాయి. ముంజేతి మీద సన్నటి నూగు కూడా ఉంది, అంతకుముందు లేదు. రెండూ నా వేళ్ళకు తెలిశాయి. "ఏసీలో కూచుంటే ఇట్లే అయితాది" అని నాకు నేనే చెప్పుకుని గాజుల మీద పసుపు కుంకుమ పెట్టాను.

ఆ ఉగాది వెళ్ళిన వారానికి వల్లూరు నుంచి ఒకామె గాజులకు వచ్చింది. ప్యానెళ్ళు కడిగే పనికి పోతుంది. చెల్లెలి సీమంతానికి రెండు డజన్లు మట్టిగాజులు కావాలంది, చెల్లెలిదీ తన సైజేనంది. నేనెవరో తెలియగానే మొహం విప్పార్చి, "నువ్వేనా అక్కా ఆ పాప వాళ్ళమ్మ. నీ చేతి పప్పు తిన్నాక నాకు నా వంట సయించడమే లేదు" అంది.

"నా పప్పు నువ్వెప్పుడు తిన్నావమ్మా?" అన్నాను.

"దినామూ మాకే ఇచ్చేస్తాది కదక్కా. మేం నలుగురం ఉండాము కడిగేవాళ్ళం. ఆమెకు ఆఫీసులోనే అన్నం పెడతారంట కదా. గిన్నెలు మేమే కడిగి ఇస్తాము."

నేను ఆమె చేతికి గాజులు సరిచూస్తూ ఉన్నాను. ఆ రోజు మొదటిసారి నా చేతిలో గాజు పగిలింది. ఆమెకేమీ కాలేదు, నా వేలే తెగింది.

సాయంత్రం పాప వ్యాను దిగి రాగానే అంగట్లోనే నిలబెట్టి అడిగాను. ఏమని అడిగానో చెబితే నేనెలాంటి మనిషినో తెలుస్తుంది. తినకుండా ఎలా ఉన్నావు తల్లీ అని అడగలేదు. "ఐదింటికి లేచి నేను చేసింది ఊరోళ్ళకు పోస్తాండావా?" అన్నాను. నా పప్పుకు జరిగిన అవమానమే ముందు కనిపించింది. అది తల వంచుకుని, "ఆకలి కాదు మా" అంది. ఆ పూట దాన్ని కూర్చోబెట్టి బలవంతంగా నోట్లో పెట్టాను. తర్వాత వారమంతా అదే చేశాను. ఎండు మిరపకాయలతో దిష్టి తీశాను. గాలి సోకిందేమోనని తాయెత్తు కట్టించాను. ఆ తాయెత్తు దారం కూడా మోచేతి నుంచి జారి కిందికి వచ్చేది. ఆ తర్వాతి వారం ఆఫీసులో కుర్చీలోంచి లేస్తూ పడిపోయింది. పావగడ ఆస్పత్రి, అక్కడి నుంచి తుమకూరు, అక్కడి నుంచి బెంగళూరు.

బెంగళూరులో డాక్టరమ్మ నా వయసుదే. కన్నడంలో నిదానంగా చెప్పింది. ఇది మొండితనం కాదు, భక్తీ కాదు, గాలీ కాదు, జబ్బు అంది. గుండె చాలా నిదానంగా కొట్టుకుంటోంది అంది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదో కూడా చెప్పింది. తర్వాత, "ఇంట్లో ఎవరైనా ఈ అమ్మాయి ఒళ్ళు గురించి మాట్లాడేవాళ్ళా?" అని అడిగింది. "లేదు డాక్టర్, మేమెవ్వరం ఏమీ అనలేదు" అన్నాను. అబద్ధం చెబుతున్నానని కూడా నాకు తోచలేదు. మంచం మీద ఉన్న పాప నా వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుంది.

అక్కడ చాలా వారాలు ఉన్నాం. రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెంగా తినాలి. తిన్న తర్వాతి అరగంట దానికి నరకం. చేతులు పిసుక్కునేది, ఏడ్చేది, నడవడానికి లేచేది. ఆ అరగంట కోసమే ఆస్పత్రిలో చేతిపనుల గది ఉంది. బుట్టలల్లేవాళ్ళు అల్లుతారు, బొమ్మలు వేసేవాళ్ళు వేస్తారు. పాప పూసలు పట్టుకుంది. పుట్టింది గాజుల అంగట్లో కదా. ఒక పూట పెట్టింది పెట్టినట్టు తింటే ఒక చెక్కపూస గుచ్చుతుంది. వదిలేసిన పూట గుచ్చదు. కొన్ని రోజులు ఒక్క పూస కూడా ఎక్కేది కాదు. ఒక రోజు ఐదు ఎక్కాయి, ఆ రోజు నర్సమ్మకు చూపించి నవ్విందట. నేను అప్పుడు టీకి కిందికి పోయాను, ఆ నవ్వు చూడలేదు.

దారం పూర్తయ్యాక చేతికి కట్టుకుని నాకు చూపించింది. గోధుమరంగు పూసలు, ఎర్ర నూలు దారం. రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి జారేట్టు ముడివేసింది. లాగితే బిగుసుకుంటుంది, వదిలితే వదులవుతుంది.

"కొక్కెం పెట్టుంటే బాగుండేది కదే" అన్నాను నేను, అంగడి బుద్ధి పోనిచ్చుకోలేక.

"కొక్కెం పెడితే ఒకటే కొలత ఉంటాది మా. నా చెయ్యి లావైతాది ఇంక, కావాలి కూడా. అయినప్పుడు ఈ దారం నాకేమీ చెప్పదు. దీనికి సైజు లేదు" అంది.

అర్థమైందన్నట్టు తలాడించాను. డాక్టరమ్మ కూడా ఇంటికి పంపేటప్పుడు అదే చెప్పింది. తిండి గురించి, ఒంటి గురించి, బాగుందని గానీ బాగాలేదని గానీ ఏమీ అనకండి. చక్కబడ్డావు అన్నా ఆ పిల్లకు లావయ్యావు అనే వినపడుతుంది అంది. దానికీ తలాడించాను. తలాడించడం నాకు బాగా వచ్చు.

ఇంటికొచ్చాక కొన్ని నెలలు నిజంగా బాగా గడిచాయి. ఉద్యోగం మానేసి అంగట్లో నా పక్కన కూర్చునేది. అన్నం తిన్న తర్వాతి అరగంట అక్కడే పూసలు గుచ్చుకునేది. అన్నీ జారుముడి దారాలే. స్టీలు పళ్ళెంలో పోసి గాజుల పక్కన పెడితే కాలేజీ పిల్లలు ఎగబడి తీసుకునేవాళ్ళు. దాని సొంత దారం మాత్రం చేతి నుంచి తీసేది కాదు. స్నానానికి కూడా తీయదు. ఎర్ర నూలు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. ముందు ముడి కొసలు పొడుగ్గా వేలాడేవి, నెలలు గడిచేకొద్దీ పొట్టివయ్యాయి. చెయ్యి నిండుతోందని నాకు ఆ కొసలు చూస్తే తెలిసేది. లోలోపల మొక్కుకునేదాన్ని.

ఆ లోలోపలి దాన్ని లోపలే ఉంచుకోలేకపోయాను. శ్రావణమాసంలో ఒక శుక్రవారం, అంగడి నిండా జనం. మాకు పాత గిరాకీ ఒకామె, పాప పుట్టినప్పటి నుంచి ఎరిగినామె, "బిడ్డ తేరుకున్నాదే, ఇప్పుడేం సైజమ్మా?" అంది. ఆమె ఏ చెడ్డ ఉద్దేశంతోనూ అడగలేదు. గాజుల అంగట్లో ఎవరైనా అడిగే మాటే అది. నా చెయ్యి నన్ను అడక్కుండానే పోయి పాప చేతిని పట్టుకుంది. బొటనవేలు మడిచి, కణుపుల దగ్గర నొక్కి, బజారుకంతా వినపడేట్టు, "టూ ఫోర్‌కు వచ్చేసినాదమ్మా, దేవుని దయ. ఇంకో రెండు నెలలకు టూ సిక్స్" అన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. నాకంత సంతోషం.

పాప చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళందరూ దాని మణికట్టు వైపే చూస్తున్నారు. లేచి అంగడి వెనకున్న వంటింట్లోకి పోయింది. మధ్యాహ్నం అన్నం కలిపింది, తినలేదు. సాయంత్రం కడుపునొప్పి అంది. మర్నాడు శనివారం. ఒక్కపొద్దు అంది.

ఆ శనివారమే ఇంకో పని చేశాను. నిడుగల్లు నుంచి తల్లీకూతుళ్ళిద్దరు వచ్చారు. కూతురికి గాజులు తొడిగాక, ఆ పిల్ల స్టీలు పళ్ళెం వైపు చూసింది. అందులోంచి ఒక దారం ఏరుకుంది, పాత రంగులో ఉన్నది. "అది వెలిసినట్టుండాది, కొత్తది తీసుకో పాపా" అన్నాను. "ఇదే బాగుండాదత్తా, మెత్తగుండాది" అంది. పొట్లం కట్టి ఇచ్చేశాను. చేతులు చూసి మనుషుల్ని గుర్తుపట్టేదాన్ని, నా కూతురు అన్ని నెలలు చేతి నుంచి తీయని దారాన్ని గుర్తుపట్టలేదు. పాపే దాన్ని చేతి నుంచి తీసి, అమ్మేవాటిలో వేసిపోయింది. నేను చూస్తానేమో, అడుగుతానేమో అనుకుందో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

మళ్ళీ తిండి మానేసి రెండోసారి బెంగళూరు ఆస్పత్రిలో చేరినప్పుడు, బాగా నీరసించి ఉన్న ఒక మధ్యాహ్నం, "మా, నా దారం తెచ్చినావా? పళ్ళెంలో ఉండాది" అని అడిగింది. అప్పుడు గానీ నాకు తట్టలేదు. చెప్పక తప్పలేదు. అమ్మేశానని చెప్పాను. తిడుతుందని ఎదురుచూశాను, తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలే మా. ఆ పిల్ల చెయ్యికి పడతాదిలే" అంది. నేను తర్వాత నిడుగల్లు పోయి ఇల్లిల్లూ అడిగాను. అక్కడి కొండ కోట కింది వీధులన్నీ తిరిగాను. ఏ పిల్లో, ఎవరి బిడ్డో ఎవరూ చెప్పలేకపోయారు. గాజులు తొడిగిన చెయ్యి గుర్తుంది, టూ టూ. మొహం గుర్తులేదు.

ఈసారి డాక్టరమ్మ అడిగినప్పుడు అన్నీ చెప్పాను. టూ ఎయిట్ అనే పేరు నుంచి మొదలుపెట్టి శ్రావణ శుక్రవారం దాకా. ఆమె నన్ను తిట్టలేదు. జబ్బు ఒక్క మాటతో రాదు, ఒక్క మనిషి వల్ల రాదు అంది. ఆమె మంచితనం కొద్దీ అన్నదేమో. నిజమే అయినా, నేనన్న మాటలు నేనన్నవే.

పాప ఇప్పుడు తుమకూరులో ఉంటుంది. అక్కడే ఉద్యోగం, అక్కడే లేడీస్ హాస్టల్. అంగట్లో కూర్చోవడం తనవల్ల కాదని మర్యాదగానే చెప్పింది. చేతికి ఇంకో దారం గుచ్చుకుంది, దాన్ని నేను తాకను. నెలకోసారి వస్తుంది. తింటుంది. కొన్ని పూటలు సులభంగా, కొన్ని పూటలు కష్టంగా, కానీ తింటుంది. నేను వడ్డిస్తాను, ఎదురుగా కూర్చుంటాను, నోరు మూసుకుంటాను. నా జీవితంలో నేను నేర్చుకున్న అన్నిటికన్నా కష్టమైన విద్య అదే.

పోయిన నెల వచ్చినప్పుడు ముద్ద కలుపుతూ ఆగింది.

"ఏమన్నా మాట్లాడు మా" అంది. "నువ్వు ఇట్ల గమ్మున కూచుంటే, లోపల ఏమేమో అనుకుంటాండావని నాకు బెదురైతాది."

సరేనని నోరు తెరిచాను. ఉప్పు సరిపోయిందా అనబోయాను, కూడదు. ఇంకొంచెం పెట్టనా, అదీ కూడదు. మొహం కళగా ఉందని, జుట్టు మళ్ళీ ఒత్తుగా వస్తోందని, ఏదీ కూడదు. అవన్నీ పక్కన పెట్టాక నా దగ్గర ఇంకేం మాటలున్నాయా అని వెతుక్కున్నాను. దానికి హాస్టల్లో స్నేహితురాలెవరో నాకు తెలియదు. ఆఫీసులో ఏం పని చేస్తుందో తెలియదు. ఏం చూస్తే నవ్వుతుందో, దేనికి భయపడుతుందో తెలియదు. బజారులో ముక్కూమొహం తెలియని వాళ్ళతో గంటల తరబడి మాట్లాడిన నోరు నాది. ఇరవై ఆరేళ్ళ బిడ్డతో అన్నం గురించీ చెయ్యి గురించీ తప్ప మూడో సంగతి ఎప్పుడూ మాట్లాడలేదని, దాని ఎదురుగా కూర్చుని ఆ రోజు తెలుసుకున్నాను.

చివరికి, "బస్సులో సీటు దొరికిందా?" అన్నాను. పక్క ఊరి నుంచి అంగడికి వచ్చే ఎవరినైనా నేను అడిగే మాటే అది.

"దొరికింది మా" అంది. ఇంకేమన్నా అడుగుతానేమోనని, ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు నా వైపే చూసింది. నేనేమీ అడగలేకపోయాను. అప్పుడది తల వంచుకుని తినడం మొదలుపెట్టింది.